సర్ ఫ్రెడరిక్ బాంటింగు

నవంబరు 14వ తేదీ మన పాఠశాలలోని పిల్లలకు మిగుల ప్రియమైన దినము. ఆనాడు బాలల దినోత్సవము జరుపుకొని, ఆటలాడి, మిఠాయిలు తిని, సాయంకాలమునకు ఇండ్లు చేరుదురు. అదే దినమును లోకమంతటను వైద్యులు మధుమేహ దినముగా పాటించుచున్నారని వారిలో పెక్కుమంది యెఱుగరు. మిఠాయిలు పంచుకొను దినమును, చక్కెరజబ్బును తలచుకొను దినమును ఒక్కటియే యగుట కేవలము యాదృచ్ఛికము. మొదటిదానికి కారణము జవహర్‌లాల్ నెహ్రూగారి జననము. రెండవదానికి కారణము 1891వ సంవత్సరమున, అదే తేదీని, కెనడా దేశమున ఒక రైతు యింట మఱియొక శిశువు జన్మించుట. ఆ శిశువే పిమ్మట సర్ ఫ్రెడరిక్ బాంటింగు అని పేరొందెను.

పాఠ్యపుస్తకములలో ఇతని చరిత్ర రెండు వాక్యములతో ముగియును. ఇతడు ఇన్సులినును కనుగొనెను. నోబెలు బహుమానమును పొందెను. రెండును సత్యములే. అయినను వానిని మాత్రము చదివిన బాలుడు, ఒక మేధావికి ఒక రాత్రి ఒక యూహ తోచెననియు, మఱునాటికి మందు సిద్ధమయ్యెననియు తలంచును. వాస్తవముగా మొదటి మందు పనిచేయలేదు. అందు మలినములుండెను. వానిని తొలగించినవాడు వేఱొకడు. ఈ మలినముల సంగతి విడిచి బాంటింగు కథ చెప్పుట సరికాదని మా యభిప్రాయము. నేటికిని ప్రయోగశాలలలో జీవకణములను పెంచువారు చిన్న గాజుబుడ్డిలోని తెల్లని పొడి నొకదానిని తెప్పించుకొనునపుడు, మొట్టమొదట విచారించునది దాని స్వచ్ఛతనే. ఆ పొడి యేమియో, దానికిని బాంటింగునకును సంబంధమేమియో ముందుకు చెప్పుదుము.

అంటారియో రాష్ట్రమున ఆలిస్టను అను చిన్న పట్టణమునకు సమీపమందలి పొలములో అతడు పుట్టెను. ఐదుగురు సంతానములో కడగొట్టువాడు. తండ్రి విలియము, తల్లి మార్గరెటు మెథడిస్టు సంఘమునకు చెందిన భక్తిపరులు. బాలుడు మిక్కిలి బిడియస్థుడు. బడిలో తెలివిగలవాడని పేరు పడలేదు. వర్ణక్రమము అతనికి జీవితాంతము పట్టుపడలేదు. కుమారుడు సంఘబోధకుడు కావలెనని తలిదండ్రుల కోరిక. 1910వ సంవత్సరమున టొరంటో విశ్వవిద్యాలయమునందలి విక్టోరియా కళాశాలలో చేరి, మొదటి యేటి పరీక్షలోనే తప్పెను. 1912లో వైద్యవిద్యకు మారెను. పరీక్ష తప్పి కన్నీరు పెట్టుకొను బాలునకు ఈ సంగతి చెప్పి ఓదార్చుట మాకలవాటు. పిమ్మట అతడు ఎన్ని రాత్రులు మేలుకొని చదివెనో ఆ సంగతియు వెంటనే చెప్పుచుందుము. లేనిచో ఓదార్పు మాత్రమే జ్ఞాపకముండును.

1914లో మహాయుద్ధము వచ్చెను. సైన్యమునకు వైద్యులు చాలకుండుటచేత అతని తరగతివారి చదువును త్వరపెట్టి 1916 డిశంబరులోనే పట్టములిచ్చిరి. బాంటింగు సైనిక వైద్యుడై సముద్రము దాటెను. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశమున కాంబ్రే యొద్ద జరిగిన పోరాటమున ఫిరంగిగుండు తునక యొకటి అతని కుడిచేతిలో గ్రుచ్చుకొనెను. అతడు తన గాయమునకు కట్టు కట్టించుకొని, కొన్ని గంటలపాటు ఇతర క్షతగాత్రులకు చికిత్స చేయుచునే యుండెను. ఇందులకై 1919లో అతనికి మిలిటరీ క్రాసు అను పతకమొసగిరి. ఈ మొండిపట్టుదల అతని గుణములలో మొదటిది. ముందు ముందు ఇది యతనికి మేలును చేసెను, కీడును చేసెను.

యుద్ధానంతరము టొరంటోలో పిల్లల యాసుపత్రియందు శస్త్రచికిత్స నేర్చి, 1920 జూలైలో అంటారియోలోనే లండను అను పట్టణమున ఇల్లు కొని వైద్యము ప్రారంభించెను. ఇది ఇంగ్లండులోని లండను కాదు. ఆ మాసమంతయు కూర్చుండగా వచ్చిన రాబడి నాలుగు డాలర్లు. బల్లమీద పేరు వ్రాసి తలుపు తెఱచి కూర్చుండుట, ఎవరును రాకుండుట. ఇట్టి దినములు ఎంత దీర్ఘముగా నుండునో క్రొత్తగా వృత్తిలో ప్రవేశించిన వారెల్ల రెఱుగుదురు. ఖర్చులకై స్థానిక వైద్య కళాశాలలో గంటకు రెండు డాలర్ల చొప్పున పాఠము చెప్పుటకు ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలే అతని జీవితమును మార్చినది. అక్టోబరు నెలాఖరున, శరీరమందు పిండిపదార్థములు ఎట్లు వినియోగమగునో విద్యార్థులకు చెప్పవలసి వచ్చెను. ఆ విషయము అతనికే సరిగా తెలియదు. 30వ తేదీ రాత్రి దానికై చదువుకొని, నిద్రపోవుటకు ముందు మోజెసు బారను అను వైద్యుడు క్లోమమును గూర్చి వ్రాసిన వ్యాసము నొకదానిని చదివెను. నిద్ర పట్టలేదు. వేకువ రెండు గంటల ప్రాంతమున లేచి తన పుస్తకమున నాలుగైదు పంక్తులు వ్రాసికొనెను. అందు వ్యాధి పేరునకు వర్ణక్రమము తప్పు.

ఆ పంక్తుల యర్థము తెలియవలెనన్న క్లోమమును గూర్చి కొంత చెప్పవలెను. కడుపునకు వెనుక నుండు ఈ గ్రంథి రెండు పనులు చేయును. అన్నమును జీర్ణముచేయు రసమును తయారుచేసి సన్నని నాళము గుండ ప్రేగులోనికి పంపుట మొదటిది. 1869లో పాల్ లాంగర్‌హాన్సు అను జర్మను విద్యార్థి ఈ గ్రంథియందు ద్వీపములవలె చెదరియున్న వేఱు రకపు కణముల గుంపులను చూచెను. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకౌస్కీ, ఫాన్ మేరింగు అను నిరువురు ఒక కుక్కకు క్లోమమును తీసివేయగా, దానికి మధుమేహము కలిగెను. కాబట్టి చక్కెరను అదుపులో నుంచు పదార్థ మేదియో క్లోమము నెత్తురులోనికి వదలుచున్నదనియు, అది ఆ ద్వీపములనుండియే వచ్చుచుండవచ్చుననియు పండితులు తలంచిరి. ద్వీపమునకు లాటిను భాషలో ఇన్సులా అని పేరు. ఇన్సులిను అను మాట దానినుండి పుట్టినది. అయితే ఆ పదార్థమును ఎవరును చేతికి తెచ్చుకొనలేకుండిరి. క్లోమమును నలగగొట్టి రసము తీసినచో, జీర్ణరసము ఆ పదార్థమును కూడ మ్రింగివేయుచున్నదని బాంటింగు తలంచెను. కుక్కకు క్లోమనాళమును దారముతో కట్టివేసినయెడల, కొన్ని వారములకు జీర్ణరసమునిచ్చు భాగము క్షీణించి, ద్వీపములు మాత్రము మిగులునుగదా; అప్పుడు రసము తీసినచో దొరకునుగదా. ఇదియే యతని యూహ.

ఆ కాలమున ఈ వ్యాధి సోకిన బిడ్డల గతి మన పిల్లలు వినతగినది. వారు ఎంత తినినను చిక్కిపోవుదురు. ఎంత త్రాగినను దప్పి తీరదు. నెత్తురులో చక్కెర నిండియుండగనే కణములు ఆకలితో మాడును. తెలిసిన చికిత్స యొక్కటే: అన్నము మాన్పించుట. ప్రాణము నిలుచుటకు మాత్రము చాలు ఆహారమునిచ్చి, కొన్ని మాసములు, మిక్కిలి యయిన ఒకటి రెండేండ్లు బ్రతికించుచుండిరి. ఆకలియని యేడ్చు బిడ్డకు అన్నము పెట్టకుండుటయే తల్లి చేయదగిన వైద్యమయ్యెను.

1920 నవంబరులో బాంటింగు టొరంటో విశ్వవిద్యాలయమునకు పోయి, శరీరధర్మశాస్త్రాచార్యుడగు మాక్లియాడునకు తన యూహ తెలిపెను. మాక్లియాడు స్కాట్లండు దేశీయుడు, పిండిపదార్థముల విషయమున మహాపండితుడు. ఎదుట కూర్చుండిన యువకునకు ఆ శాస్త్రమున చదువు తక్కువయని క్షణములో గ్రహించెను. అయినను కాదనక, ఒక గదిని, కొన్ని కుక్కలను, ఒక సహాయకుని ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఇద్దరు విద్యార్థులలో ఎవరు ముందుగా పనిచేయవలెనని నాణెమెగురవేయగా చార్లెసు బెస్టు అను యువకునకు వచ్చినది. 1921 మే 17న పని మొదలయ్యెను. జూనులో మాక్లియాడు స్వదేశమునకు పోయెను.

ఆ వేసవి సంగతి సుఖముగా చదువదగినది కాదు. గది వేడి, జీతము లేదు, శస్త్రచికిత్సలు చెడి కుక్కలనేకము చచ్చెను. చాలకపోగా వీధులలో కొని తెచ్చిరి. మూగజీవులను హింసించి నేర్చిన విద్య యిది. దీనిని దాచుటకు మేమిష్టపడము. బాంటింగునకు పొలమున జంతువులతో పెరిగిన మనస్సు. వానిపై ప్రీతి గలవాడు. జూలై 30న, క్లోమము తీసివేసిన ఒక కుక్కకు, నాళము కట్టిన మఱియొక కుక్క క్లోమమునుండి తీసిన రసమును ఎక్కించిరి. నెత్తురులోని చక్కెర దిగెను. ఆ కుక్క చచ్చినది. కాని చక్కెర దిగినమాట నిజము. పిమ్మట మార్జొరీ యను ఆడుకుక్క ఆ రసముతో సుమారు డెబ్బది దినములు బ్రతికెను. బాంటింగు లండనులోని తన యింటిని అమ్మివేసి వచ్చెను.

అతని యూహయందు తప్పున్నదని పని ముందుకు సాగినకొలది తేలినది. నాళమును కట్టనవసరమే లేదు. శరదృతువునకు వారు కబేళానుండి తెచ్చిన పుట్టని దూడల క్లోమములనుండియు, తరువాత పెద్ద పశువుల క్లోమములనుండియు, సారాయిసత్తును ఉపయోగించి రసము తీయుచుండిరి. దారము కట్టిన కష్టమంతయు దారితప్పిన కష్టమే. అదేయేడు రుమేనియా దేశమున బుకారెస్టు నగరమున పౌలెస్కూ అను ఆచార్యుడు, తానును క్లోమరసముతో కుక్కలలో చక్కెరను దింపితినని ప్రకటించియుండెను. అతని పేరు చాలకాలము ఎవరును తలపలేదు.

మాక్లియాడు తిరిగివచ్చి లెక్కలను ప్రశ్నింప నారంభించెను. ప్రయోగములను మరల చేయుమనెను. ఆచార్యుడు చేయవలసిన పనియే యది. బాంటింగునకు మాత్రము అది యవమానముగా తోచెను. డిశంబరు 30న అమెరికాలో న్యూ హేవెను నగరమున పండితసభయందు తన పనిని చదువవలసివచ్చినపుడు తడబడెను. ప్రశ్నలకు మాక్లియాడే లేచి యుత్తరమిచ్చెను. తన పనిని ఆచార్యుడు అపహరించుచున్నాడని బాంటింగు ఆ దినమునుండి నమ్మెను. మేము చదివినంతవరకు అది న్యాయమైన నమ్మకముగా కనబడదు.

ఆ మాసముననే జేమ్సు కాలిప్పు అను రసాయనశాస్త్రజ్ఞుడు వారితో చేరెను. రసములోని మలినములను వేఱుచేయుట అతని పని. అయితే, రోగికి తొలుత ఎక్కింపదగినది తాము చేసిన మందేయని బాంటింగు, బెస్టు పట్టుపట్టిరి. టొరంటో జనరలు ఆసుపత్రిలో లియొనార్డు థాంప్సను అను పదునాలుగేండ్ల బాలుడు అస్థిపంజరమువలె పడియుండెను. అతని తూకము 65 పౌనులు. 1922 జనవరి 11న గోధుమవర్ణముగల ఆ రసమును అతనికి ఎక్కించిరి. చక్కెర కొంచెము తగ్గెను, అంతే. సూది గ్రుచ్చినచోట చీముగడ్డ లేచెను. మందును ఆపివేసిరి.

ఆ పండ్రెండు దినములలో జరిగిన పనియే మాకు ఈ చరిత్రలో మిక్కిలి విలువైనదిగా తోచినది. దానిని చేసినవాని పేరు మాత్రము పాఠ్యపుస్తకములలో లేదు. కాలిప్పు రాత్రింబవళ్లు క్లోమరసముతో పెనుగులాడెను. సారాయిసత్తు పాలు కొంత కొంత పెంచుచు పోగా, అనవసరపు మాంసకృత్తులు అడుగునకు దిగి, కావలసిన పదార్థము పైద్రవమున నిలిచియుండును. మఱికొంత పెంచగా, ఒక హద్దునొద్ద ఆ పదార్థము కూడ దిగిపోవును. ఈ రెండు హద్దుల నడుమ దానిని పట్టుకొనవలెను. పట్టుకొనెను. జనవరి 23న ఆ మందును అదే బాలునికి ఎక్కించిరి. నూరు ఘనసెంటీమీటర్ల నెత్తురులో 520 మిల్లీగ్రాములుండిన చక్కెర ఒక్క దినములో 120కి దిగెను. చీముగడ్డ లేదు. బాలుడు లేచి కూర్చుండెను. పిమ్మట పదమూడేండ్లు బ్రతికి, 1935లో ఊపిరితిత్తుల జ్వరముతో మరణించెను.

ఇట్టి విజయము నడుమ ఆ గదిలో జరిగినది కలహము. కాలిప్పు తన పద్ధతిని చెప్పుటకు నిరాకరింపగా బాంటింగు అతనిపై చేయిచేసికొనెననియు, బెస్టు అడ్డుపడెననియు చెప్పుదురు. జనవరి 25న, ఒకరికి తెలియకుండ ఒకరు ప్రత్యేకముగా హక్కుపత్రము తీసికొనరాదని నలుగురును ఒడంబడిక వ్రాసికొనవలసివచ్చెను. తలిదండ్రులు ఈ భాగమును పిల్లలకు దాచవలదని మా ప్రార్థన. మహోపకారము చేసినవారు కూడ మనవలె కోపతాపములు గలవారేయని తెలియుట మంచిది.

ఆ వసంతకాలమున మఱియొక కష్టము వచ్చెను. ఎక్కువ మోతాదున తయారుచేయబోగా, కాలిప్పునకే తన పద్ధతి పట్టుదప్పెను. కొన్ని వారములపాటు మందు పుట్టలేదు. పిమ్మట ఇండియానాపోలిసు నగరపు ఎలై లిల్లీ అను ఔషధశాలవారు సహాయులైరి. అచట జార్జి వాల్డెను అను రసాయనజ్ఞుడు, ద్రవముయొక్క ఆమ్లత్వమును సరిచూచినయెడల ఇన్సులిను మున్నెన్నడును లేనంత స్వచ్ఛముగా క్రిందికి దిగునని కనిపెట్టెను. 1922 ఆగష్టులో అమెరికా విదేశాంగమంత్రి కుమార్తెయగు ఎలిజబెతు హ్యూసు బాంటింగు చికిత్సకు వచ్చెను. పదునైదేండ్లు నిండవచ్చిన ఆ బాలిక తూకము 45 పౌనులు మాత్రమే. ఆమె పెద్దదై, పెండ్లియాడి, బిడ్డలను కని, 1981వఱకు జీవించెను.

బాంటింగు, బెస్టు, కాలిప్పు ముగ్గురును ఇన్సులిను హక్కును టొరంటో విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. ఒక్కొక్కరు పుచ్చుకొన్న వెల యొక డాలరు. కోట్ల ధనము రాగల హక్కు అది. ఒకరితో నొకరు మాటలాడుకొనుటకైన ఇష్టపడని ఆ మనుష్యులు ఈ యొక్క విషయమున ఏకమైరి.

1923 అక్టోబరులో నోబెలు బహుమానము బాంటింగునకును మాక్లియాడునకును కలిపి ప్రకటించిరి. బెస్టు పేరు లేదని బాంటింగు మండిపడెను. బహుమానమునే త్రోసివేయ తలంచెను. మిత్రులు శాంతింపజేయగా, తన భాగములో సగమును బెస్టున కిచ్చెను. మాక్లియాడు తన భాగములో సగమును కాలిప్పున కిచ్చెను. బహుమానము పొందునాటికి బాంటింగు వయస్సు 32. వైద్యశాఖలో అంత చిన్నవయస్సున దానిని పొందినవారు నేటివఱకును లేరు. మాక్లియాడు 1928లో స్వదేశమునకు మరలిపోయి, 1935లో మరణించెను. అతని గదియు, అతని సందేహములును, కాలిప్పును చేర్చుకొన్న అతని నిర్ణయమును లేకున్నచో ఆ రసము కుక్కలతోనే ఆగియుండునేమో. ఇంత యుదారుడైన బాంటింగు ఆ యొక్క మనుష్యుని విషయమున న్యాయము తప్పెనని వ్రాయక తప్పదు.

అతని కడపటి దినములు చెప్పుటకు ముందు, ఆ పదార్థము తరువాత ఏమయ్యెనో చెప్పి, మొదట పేర్కొన్న గాజుబుడ్డి సంగతి తీర్చెదము.

1926లో జాన్ ఏబెలు అను శాస్త్రజ్ఞుడు ఇన్సులినును స్ఫటికములుగా తీసెను. అది మాంసకృత్తుల జాతికి చెందినదని క్రమముగా స్థిరపడెను. మాంసకృత్తనగా అమినో ఆమ్లములను పూసలను దారమునకు గ్రుచ్చినట్లు వరుసగా కూర్చిన పదార్థము. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగరు పదియేండ్లు శ్రమించి, 1955 నాటికి ఇన్సులినునందలి పూసల వరుసను పూర్తిగా తేల్చెను. మాంసకృత్తు నొకదానిని అట్లు చదువుట అదియే మొదలు. పూసలు 51, దండలు రెండు, ఒకట 21, మఱొకట 30, గంధకపు ముడులు వానిని కలిపియుంచును. మనుష్యుని యిన్సులినునకును పందియిన్సులినునకును ఒక్క పూస భేదము, పశువుదానితో మూడు. ఆ యల్పభేదముతోనే అరువదేండ్లు లోకము పందుల, పశువుల క్లోమములపై ఆధారపడెను. పౌనుల కొలది క్లోమమునుండి చిటికెడు మందు వచ్చుచుండెను.

1978లో కాలిఫోర్నియాయందు శాస్త్రజ్ఞులు క్రొత్త త్రోవ త్రొక్కిరి. మానవ యిన్సులినును ఎట్లు కూర్చవలెనో చెప్పు జన్యువును రసాయనముగా తయారుచేసి, మన ప్రేగులలో నివసించు ఇ. కోలై అను సూక్ష్మజీవియందు అతికిరి. ఆ సూక్ష్మజీవి తనకక్కఱలేని ఆ పదార్థమును, తన సొంత పనివలెనే, చేసిపెట్టెను. ఒక దండను ఒక జాతి సూక్ష్మజీవులచేతను, రెండవ దండను మఱొక జాతిచేతను చేయించి, పిమ్మట రెంటిని కలిపిరి. 1982లో అమెరికాలో ఇది మందుగా అంగీకరింపబడెను. పునస్సంయోజిత పద్ధతిచే చేయబడి, మనుష్యులకు మందుగా నంగీకరింపబడిన మొదటి మాంసకృత్తు ఇదియే.

ఇన్సులిను చక్కెరను అదుపుచేయుటతో ఆగదు. శరీరమునుండి తీసిన కణములను గాజుపళ్లెమున ఉప్పు, చక్కెర, నీరు పోసి యుంచినంతమాత్రమున అవి పెరుగవు. పెరుగుమని చెప్పు సంకేతము కావలెను. పొలములో విత్తనము, ఎరువు, నీరు ఉన్నను కాలము రానిదే మొలక రానట్లుండును వాని స్థితి. 1924లోనే, అనగా బాంటింగు బహుమానము పొందిన మఱుసటి యేట, గై, థాల్‌హైమరు అను నిరువురు ఇన్సులినును అట్టి పళ్లెములలో వేసి దాని ఫలమును పరిశీలించిరి. నెత్తురులో ఇన్సులినును పోలినవే, పెరుగుదలకు మఱింత ముఖ్యమైనవి ఇతర పదార్థములు గలవని తరువాత తేలెను. 1970ల చివర స్విట్జర్లాండులో వానిలో రెంటి పూసల వరుసను చదివి, ఇన్సులినుతో పోలికనుబట్టి ఇన్సులినువంటి వృద్ధికారకములని పేరిడిరి. చర్మకణములను పెంచునది, నరములను పెంచునది, ఇట్లు వృద్ధికారకములు మఱికొన్ని యున్నవి.

చాలకాలము పరిశోధకులు పుట్టని దూడల నెత్తుటి తేటను పళ్లెములలో పోయుచుండిరి. ఇప్పటికిని పెక్కుచోట్ల పోయుదురు. అందు వృద్ధికారకములన్నియు నుండును గాని, ఏది యెంత యున్నదో తెలియదు; ఒక సీసా మఱొక సీసావలె నుండదు. ఫలితము మారినపుడు, మారినది కణమా, తేటయా యని చెప్పుట కష్టము. అందుచేత మానవ జన్యువుతో సూక్ష్మజీవులయందు చేయించిన వృద్ధికారకములను, తెలిసిన పదార్థమును తెలిసిన కొలతలో వేయుటకు, కొనుచున్నారు. మేము చెప్పిన గాజుబుడ్డిలోని పొడి యిదియే. చల్లబఱచి ఎండబెట్టిన ఆ పొడి కంటికి సరిగా కనబడనంత స్వల్పము; గ్రాములో పదిలక్షలవ వంతులతో దానిని కొలుతురు; నీరు గడ్డకట్టు చలికంటెను మిక్కిలి చలిలో దాచుదురు. మందు కాదు గనుక మనుష్యులకు ఇయ్యరాదని బుడ్డిమీదనే వ్రాసియుండును.

ఇచట మరల ఆ చీముగడ్డ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. సూక్ష్మజీవిని చీల్చి మాంసకృత్తును తీయునపుడు, దాని పైపొరనుండి ఎండోటాక్సిను అను విషము కూడ వచ్చును. మనుష్యుని నెత్తురున చేరినచో జ్వరము పుట్టించును. పళ్లెములోని కణములను గూడ కలతపెట్టి, వృద్ధికారకము చేయని పనిని అది చేసినట్లు భ్రమింపజేయును. దానిని తొలగించి, ఎంత మిగిలినదో కొలిచి, కాగితముమీద వ్రాసియిచ్చుట తయారుచేయువారి ధర్మము. కాలిప్పు ఆ పండ్రెండు దినములలో సారాయిసత్తుతో చేసిన పనియే నేడు వేఱు పనిముట్లతో ప్రతిదినమును జరుగుచున్నది.

ఇక బాంటింగు సంగతి. కెనడా ప్రభుత్వము అతనికి జీవితాంతము ఏటికి 7,500 డాలర్ల వర్షాశనమేర్పఱచెను. విశ్వవిద్యాలయము అతని పేర పరిశోధనశాల కట్టించెను. 1934లో సర్ అను బిరుదము వచ్చెను. కాన్సరును గూర్చి ఏండ్లతరబడి పనిచేసెను. రెండవ యిన్సులిను దొరకలేదు. లోకము ముప్పదిరెండేండ్లకే ఒకని తలపై కిరీటము పెట్టి, తరువాత ఏటేట అద్భుతము చేయుమని యెదురుచూచుట ఎంత బరువో అతని ముఖచిత్రములలో మాకు కనబడుచున్నది. చిత్రలేఖనమున అతనికి విశ్రాంతి లభించుచుండెను. ఏ. వై. జాక్సను అను ప్రసిద్ధ చిత్రకారునితో కలిసి మంచులో కూర్చుండి బొమ్మలు వ్రాసెడివాడు. 1927లో వారిరువురును ఉత్తరధ్రువ ప్రాంతమునకు ఓడమీద పోయిరి. తిరిగివచ్చి, తోలువర్తకము అచటి ఇన్యూటు జనులకు చేయుచున్న కీడును గూర్చి పత్రికకు నిర్భయముగా చెప్పెను. మొదటి వివాహము పొసగక 1932లో విడిపోయెను; తరువాత మరల వివాహమాడెను.

రెండవ మహాయుద్ధము రాగానే మరల సైనిక దుస్తులు ధరించెను. విమానములు వేగముగా మలుపు తిరుగునపుడు నెత్తురు తలనుండి దిగి వైమానికులు స్పృహ తప్పుచుండిరి. దానికి విరుగుడుగా టొరంటోలో విల్బరు ఫ్రాంక్సు ఒక ప్రత్యేకపు దుస్తును తయారుచేయగా, బాంటింగు దానికి వెన్నుదన్నుగా నిలిచెను. విషవాయువు పుట్టించు పుండ్లను పరీక్షించుటకు ఆ విషమును తన కాలిమీదనే వేసికొనెను.

1941 ఫిబ్రవరి 20 రాత్రి, ఇంగ్లండునకు పోవుటకై న్యూఫౌండ్లండు దీవిలోని గాండరునుండి హడ్సను విమానమెక్కెను. బయలుదేరిన కొలదిసేపటికే యంత్రము చెడెను. మస్‌గ్రేవు హార్బరు సమీపమున అడవిలో విమానము కూలెను. ఇద్దరు వెంటనే మరణించిరి. విమానము నడపినవాడు మాత్రము బ్రతికెను. బాంటింగు తీవ్రముగా గాయపడి, మంచులో సాయము రాకమునుపే, మఱునాడు 21న ప్రాణము విడిచెను. అతని వయస్సు 49. టొరంటోలో మౌంటు ప్లెజెంటు శ్మశానవాటికయందు సమాధిచేసిరి.

లండను పట్టణమున అతడు ఆనాటి రాత్రి లేచి నాలుగు పంక్తులు వ్రాసికొన్న యిల్లు ఇప్పుడు ప్రదర్శనశాలయైనది. ముంగిట 1989లో ఇంగ్లండు రాజమాత వెలిగించిన దీపమొకటి మండుచుండును. ఇన్సులిను వ్యాధిని అదుపున నుంచునేగాని మాన్పదు గనుక, మధుమేహమును పూర్తిగా కుదుర్చు మందు దొరకిన దినమున, దానిని కనుగొన్నవారే వచ్చి ఆ దీపమును ఆర్పవలెనని యేర్పాటు.